అసిరి కంటి చుక్క

కూర్చోండి, కథ పెద్దది కాదు. ఏ కాలమని అడక్కండి. మా తాతల తాతలకే ఇది పాత కథ.

సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడి మగవాళ్ళు ఓడలెక్కి దూరపు రేవులకు పోయేవాళ్ళు. ఆరేసి నెలలకు తిరిగొచ్చేవాళ్ళు. ఆ పల్లెలో పురుళ్ళు పోసే మంత్రసాని అసిరి. బక్క మనిషి. ఒకచోట కుదురుగా కూర్చున్నది ఎవరూ చూడలేదు.

పుట్టిన బిడ్డ కళ్ళను మూడు రోజులు ఎవరూ ముట్టుకోకూడదని ఆ ఊరి ఆచారం. ముట్టుకుంటే దిష్టట. మహా గొప్ప ఆచారమే! ఓడలొచ్చి వెళ్ళిన ఒక ఏడు, ఒక బిడ్డకు కళ్ళు వాచి, చీము కారి, చూపు పోయింది. రెండో బిడ్డకూ అంతే. మూడో బిడ్డ అసిరి సొంత మనవరాలు. తన చేతుల్లో పుట్టిన పిల్ల.

ఇక అసిరికి తిండి సయించలేదు, కాలు నిలవలేదు. రేవులో ఉన్న వైద్యుడి దగ్గరికి పరుగెత్తింది.

"ఇది సెగరోగం. మగవాడి నుంచి ఆడదానికి అంటుతుంది. ఆమెకు ఏ బాధా తెలియకపోవచ్చు. కాన్పులో బిడ్డ కళ్ళకు సోకుతుంది," అన్నాడాయన. "కడుపుతో ఉన్న ప్రతి ఒక్కరినీ నాకు చూపించు. మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ మందు పడాలి. బిడ్డ పుట్టగానే కళ్ళలో ఈ చుక్క వెయ్యి," అంటూ ఒక మందు సీసా చేతిలో పెట్టాడు.

వైద్యుడికి చూపించుకోమని అసిరి ఇల్లిల్లూ తిరిగింది.

"నాకేటీ నేదు," అంది మొదటి ఇంటామె.

"నాకేటీ నేదు," అంది రెండో ఇంటామె.

మూడోది ఓడ నడిపే సరంగు ఇల్లు. ఆయన కోడలు నీలాలు నిండు చూలాలు. ఆమె నోరు తెరవకముందే అత్త చీపురెత్తింది. "మా ఇంటికా సెగరోగం? పో అవతలికి!"

"అందర్నీ అడుగుతున్నానమ్మా. నా కూతురు కూడా నాకేటీ నేదనే అంది," అంది అసిరి. అత్త వినలేదు.

వారం తిరక్కుండా నీలాలుకి నొప్పులొచ్చాయి. ఊళ్ళో ఇంకో మంత్రసాని లేదు, అసిరినే పిలిచారు. మగబిడ్డ పుట్టాడు. అసిరి సీసా తీసింది. అత్త చటుక్కున చెయ్యి పట్టుకుంది. "ఆ మందుకి బిడ్డ కళ్ళు కాలిపోతేనో?"

అసిరి సీసా వంచి తన కంట్లోనే చుక్క వేసుకుంది. భగ్గున మండింది. నీళ్ళు ధారగా కారాయి, అయినా రెప్ప వాల్చలేదు.

"సూడమ్మా, కాలిపోనేదు."

"ఎయ్యి, అసిరత్తా!" అని మంచం మీంచి నీలాలు అరిచింది.

మూడో రోజు బిడ్డ కళ్ళు విప్పి వెలుతురు వైపు చూశాడు. అత్త అసిరి కాళ్ళు పట్టుకుంది. ఆ వారమే కొడుకునీ కోడల్నీ వైద్యుడి దగ్గరికి పంపింది.

అప్పట్నుంచి ఏ ఇంట నమ్మకపోయినా అదే పని. ముందు తన కంట్లో చుక్క, తర్వాత బిడ్డ కంట్లో. బిడ్డకు ఒక్కసారి పడే మందు ఆమె కళ్ళలో వందలసార్లు పడింది. ఏళ్ళు గడిచేసరికి అసిరి కళ్ళు నల్లబడి, మసకబారి, ఆరిపోయాయి. అయినా ఆగిందా? ఊరి దారులన్నీ కాళ్ళతోనే నేర్చుకున్న చూపులేని మనవరాలు దారి చూపుతుంటే, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పురుళ్ళకు పోయేది.

ఈనాటికీ ఆ పల్లెలో కడుపుతో ఉన్న కోడలూ, ఓడ దిగిన కొడుకూ వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడరు. "అసిరి అందర్నీ అడిగింది" అంటారు. బిడ్డ పుడితే ఆడా మగా అని అడిగేముందే "చుక్క పడిందా?" అని అడుగుతారు. బిడ్డ కంట్లో వేసేముందు మొదటి చుక్క నేల మీద వదులుతారు. అది అసిరి కంటికి.