తిత్తి ఊదిన నాంచారమ్మ

ఇదిగో వినండి. ఎప్పుడు జరిగింది అని మాత్రం అడగొద్దు. మా ముసల్ది చెప్పింది, దానికి ఇంకో ముసల్ది చెప్పింది, ఆ పైన ఎవరో నాకేం తెలుసు. కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజులనుకోండి.

అప్పుడు ఒక ఊళ్ళో ఒక కొలిమి. కొలిమి మౌనాచారిది. పేరే మౌనాచారి, నోరు మూస్తే ఒట్టు. పెళ్ళాం పేరు రత్తమ్మ. మౌనాచారి అక్క నాంచారమ్మ. మొగుడు పోయాక తమ్ముడింటికొచ్చి, పొద్దున్నించి సాయంత్రం దాకా తిత్తి ఊదేది. తిత్తంటే మేకతోలు సంచి. నొక్కితే గాలి పోయి నిప్పు రాజుకుంటుంది.

కొడవలి బాగుంటే "అబ్బ, మౌనాచారి!" నాగలి కర్రు బాగుంటే "అబ్బ, మౌనాచారి!" గొడ్డలి బాగుంటే "అబ్బ, మౌనాచారి!" తిత్తి ఊదేదాన్ని ఎవడు చూస్తాడు? "ఏయ్ తిత్తమ్మా, పక్కకి జరుగు" అనేవాళ్ళు. అంతే.

మౌనాచారికి ఒక్కతే కూతురు, కామాక్షి. నాలుగేళ్ళు. పది అడుగులేస్తే పెదాలు నేరేడుపండు రంగు. మిగతా పిల్లలు పరిగెడుతుంటే అరుగు మీద కూర్చుని చూడ్డమే దాని ఆట.

ఒకరోజు అత్త ఒళ్ళో పడుకుంది. నాంచారమ్మ దాని గుండె మీద చెవి పెట్టింది. డుబ్బు, హుస్. డుబ్బు, హుస్.

"ఒరేయ్ తమ్ముడూ! ఈ చప్పుడు నాకు తెలుసురా. తిత్తి లోపల తోలు రెక్క సరిగ్గా మూసుకోకపోతే గాలి వెనక్కి కారుతుంది చూడు, అచ్చం అదే."

"బాగుందక్కా. నా కూతురు నీకు మేకతోలులా ఉందా?"

"నవ్వు నవ్వు. రెక్క బాగుచెయ్యకపోతే తిత్తి ఎన్నాళ్ళొస్తుందో నీకు తెలీదా?"

మౌనాచారి నవ్వు ఆగిపోయింది. రత్తమ్మ అప్పటికే పిల్లని చంకనేసుకుంది.

మొదటి కొండ దాటారు, రెండో కొండ దాటారు, మూడో కొండ మీద వైద్యురాలి గుడిసె. ఆమె వెంట్రుక కన్నా సన్నని కుట్టు వేస్తుందట. పిల్ల గుండె విని, "రెక్క మూసుకోవట్లేదు" అంది.

"మా అక్క ఇంట్లోనే చెప్పిందమ్మా" అన్నాడు మౌనాచారి.

వైద్యురాలు నాంచారమ్మని కింద నించి పైదాకా చూసింది. "ఎవరు నేర్పారమ్మా?"

"తిత్తి నేర్పిందమ్మా."

"సరే. మూడుసార్లు కొయ్యాలి. మొదటిసారి ఇరుకు దారి వెడల్పు చేస్తా. రెండోసారి కన్నం మూస్తా. మూడోసారి రెక్క కుడతా. మధ్యలో ఒక్కో పంటకాలం ఆగాలి, పిల్ల బలం కూడదీసుకోవాలి. మందిచ్చి నిద్రపుచ్చుతా, నొప్పి తెలీదు. కానీ లేచాక తొమ్మిది రోజులు ఊపిరి పరిగెత్తకూడదు. పరిగెత్తిందా, కుట్టు తెగుద్ది. కుట్టు తెగిందా, నేనేం చెయ్యలేను."

నాలుగేళ్ళ పిల్ల ఏడవకుండా, భయపడకుండా తొమ్మిది రోజులా? అయ్యే పనేనా?

నాంచారమ్మ ఏం చేసిందో తెలుసా? ఊరికెళ్ళి చిన్న తిత్తి తెచ్చి మంచం పక్కన కూర్చుంది. మెల్లగా నొక్కింది. ఉస్స్... హుస్స్...

"కామాక్షీ, తిత్తితో పాటే ఊపిరి. తిత్తి కన్నా ముందు పోకు."

పిల్లకి ఆట దొరికింది. తొమ్మిది రోజులు తిత్తితో పాటే ఊపిరి తీసింది. రత్తమ్మ జావ తాగించింది. మౌనాచారి కథలు చెప్పాడు, అన్నీ తన గొప్పలే. మొదటి కుట్టు నిలబడింది.

పంటకాలం గడిచింది. రెండోసారి కోశారు. అయిదో రోజు మిట్టమధ్యాహ్నం.

"అక్కా, వెళ్ళి నాలుగు చెంబులు పోసుకురా, నేను ఊదుతాలే" అని మౌనాచారి కూర్చున్నాడు. కాసేపటికి చూస్తే పిల్ల చెయ్యి చల్లగా తగిలింది. కమ్మరోడు కదా! చల్లగా ఉంటే ఏం చేస్తాడు? గట్టిగా ఊదుతాడు. ఇంకా గట్టిగా. ఇంకా ఇంకా గట్టిగా. పిల్ల ఊపిరి తిత్తి వెంట పరిగెత్తింది. పెదాలు మళ్ళీ నేరేడుపండు రంగు.

రత్తమ్మ కేక పెట్టింది. "ఆపయ్యా! ఆపు!"

"ఆపకు!" తడి జుట్టుతో నాంచారమ్మ లోపలికొచ్చి పడింది. "ఒక్కసారిగా ఆపితే బెదిరిపోతుంది!"

తమ్ముడి చేతి మీద తన చెయ్యి వేసింది. కొంచెం తగ్గించింది. ఇంకొంచెం. ఇంకొంచెం. ఉస్స్... హుస్స్... పిల్ల ఊపిరి కూడా దిగింది. వైద్యురాలు వచ్చి వంగి చూసింది. కుట్టు తెగలేదు.

మౌనాచారి నేల మీద కూలబడ్డాడు. "నా కూతుర్ని నేనే చంపేసేవాణ్ణక్కా."

"నువ్వు ఇనుము కాల్చావు. ఇది ఇనుము కాదురా, పిల్ల. లే. లేచి నేర్చుకో."

రత్తమ్మనీ కూర్చోబెట్టింది. వాళ్ళ చేతుల మీద తన చెయ్యి పెట్టి నేర్పింది. మంచిదైంది కూడా. ఎందుకంటే మూడోసారి కోసేటప్పటికి నాంచారమ్మకి దగ్గు. చేతుల్లో పస లేదు. ముగ్గురూ వంతులేసుకున్నారు. అక్క అలిసిపోతే తమ్ముడు, తమ్ముడు అలిసిపోతే రత్తమ్మ. తిత్తి ఒక్క క్షణం ఆగలేదు.

తొమ్మిదో రోజు పొద్దున వైద్యురాలు పిల్ల గుండె మీద చెవి పెట్టింది. డుబ్బు. డుబ్బు. డుబ్బు. హుస్ లేదు!

"ఇంక దీన్నెవరు పట్టుకుంటారో పట్టుకోండి" అంది.

ఎవరూ పట్టుకోలేదు! పెద్దయ్యేసరికి కామాక్షి మూడు కొండలూ ఒక్క పరుగున దాటేది. అంతకు ముందే, బలం వచ్చిందని వైద్యురాలికి చూపించడానికి వెళ్ళినరోజు, తిరిగొస్తూ మూడు కొండలూ పరుగెత్తే దిగింది. ఊరి మొదట్లో ఆగి వెనక్కి చూసింది. మౌనాచారి రొప్పుతున్నాడు. రత్తమ్మ ఇంకా వెనక. అందరికన్నా వెనక నాంచారమ్మ, నెత్తి మీద ఆ చిన్న తిత్తి.

"తిత్తి కన్నా ముందు పోకన్నానా లేదా?" అని పైనించి అరిచింది అత్త.

"ఇంక తిత్తినే నా వెనక రమ్మనత్తా!"

నాంచారమ్మ అక్కడే కూర్చుని, దగ్గొచ్చేదాకా నవ్వింది.

తర్వాత చాన్నాళ్ళు బతికింది. పోయిన రోజున కామాక్షి, అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి, కొలిమి దగ్గరికెళ్ళింది. నిప్పులో ఇనుము పెట్టకుండా మూడుసార్లు మెల్లగా తిత్తి ఊదింది. ఉస్స్... హుస్స్... ఆ తర్వాతే లేచి ఏడ్చింది.

ఆ వైపు కొలిముల్లో ఇప్పటికీ పొద్దున్నే మూడు ఊదుళ్ళు ఉత్తివే. ఇనుము పెట్టరు, సుత్తి ముట్టరు. ఎందుకూ అంటే, "అవి నాంచారమ్మవి" అంటారు. ఇంట్లో పిల్ల జబ్బుపడి కోలుకుంటుంటే మంచం పక్కన చిన్న తిత్తి పెడతారు. ఒకళ్ళు ఊదుతుంటే ఇంకొకళ్ళు ఆ చేతి మీద చెయ్యి వేస్తారు. పిల్ల లేచి పరిగెత్తిన రోజున తిత్తిని నెత్తిన పెట్టుకుని వెనకాలే ఊరంతా ఊరేగుతారు.

కొడవలి చేసిన మౌనాచారి పేరు మీకెందుకు తెలిసిందనుకున్నారు? నాంచారమ్మ తమ్ముడు కాబట్టి.