నోటి మొక్క ఒక్క తాకుడికి ఎందుకు పలకదు

ఒకప్పుడు, అంటే మరీ రాజులూ రథాలూ తిరిగిన కాలం కాదర్రా, కెమెరాలు వచ్చాకే, ఈగల్ని తినే నోటి మొక్క ఇప్పట్లా నిదానంగా ఉండేది కాదు. దాని ఆకులే దాని నోళ్ళు. ఒక్కో నోట్లో సన్నటి వెంట్రుకలు. వాటికి ఏది ఒక్కసారి తగిలినా సరే, టప్పున మూసుకునేది. తగిలింది ఈగా, గాలికొచ్చిన దుమ్మా అని చూసుకునేది కాదు.

అలాంటి మొక్క ఒకటి చిదంబరం గారింటికొచ్చింది. దాని ఖర్మ.

చిదంబరం గారిది ఫొటో స్టూడియో వంశం. వాళ్ళ నాన్నగారు పెళ్ళికూతురొచ్చినా, పాస్‌పోర్టు ఫొటోకి పోలీసొచ్చినా, మొహానికి పౌడరద్ది, గడ్డం పట్టుకుని పైకెత్తి, కాలరు సర్ది, అప్పుడుగానీ మీట నొక్కేవారు కాదు. స్టూడియో మూతపడింది. అలవాటు మాత్రం కొడుక్కొచ్చింది.

ఈయన మనుషుల్ని వదిలేసి మొక్కల మీద పడ్డారు. అదీ మరీ దగ్గర్నుంచి! చీమ మీసాలు కూడా కనిపించాలట. వంటింటి కిటికీలో కుండీ పెట్టారు, దానిమీదికి దీపం వంచారు, కెమెరాని స్టాండెక్కించారు. నోరు తెరిచిన మొక్క ఫొటో తీసి పోటీకి పంపాలని పట్టుదల.

అంతా సిద్ధమయ్యాక సన్న బ్రష్షు తీసి, "ఏదమ్మా, మొహం ఇలా పెట్టు" అంటూ నోటి లోపల దుమ్ము తుడిచారు.

టప్!

మూసుకున్న నోరు మళ్ళీ తెరుచుకోడానికి ఒక రోజు పడుతుంది. మర్నాడు తెరుచుకుంది. మహానుభావుడు మళ్ళీ తుడిచారు. టప్! ఆ మర్నాడు ఇంకో నోరు చూసుకున్నారు. టప్!

"పనిలో పనిగా పౌడర్ కూడా రాయండి" అన్నారు ఆయన భార్య సుభాషిణి గారు, పోపు వేస్తూ.

"కళ గురించి నీకేం తెలుసు?"

"నాకేం తెలీదు. ఆ మొక్క నల్లబడిపోతోంది, అదైనా మీకు తెలుసా?"

ఆవిడన్నది నిజమే. ఊరికే నాలుగైదుసార్లు మూసుకుంటే చాలు, ఆ నోరు ఓపిక చచ్చి నల్లబడి ఎండిపోతుంది. ఏడు నోళ్ళలో ఆరు అలాగే పోయాయి. ఇక ఒక్కటే మిగిలింది. లోపలికి ఈగన్నది వెళ్ళి నెలయింది. మొక్కకి భయమేసింది. ఇదీ పోతే నేను చచ్చిపోతాను అనుకుని ఏడ్చింది.

ఆ కిటికీ దగ్గరే ఒక ఈగ తిరిగేది. పచ్చటి ఒళ్ళు, అద్దాల్లాంటి రెక్కలు. తన అందం మీద దానికి బోలెడు నమ్మకం. వచ్చి కుండీ అంచున కూర్చుంది.

"ఏం వదినా, ఇవాళ కూడా బ్రష్షేనా భోజనం?"

"నవ్వు తల్లీ, నవ్వు. తగిలింది ఏమిటో మూసుకునేదాకా నాకెలా తెలుస్తుంది?"

"ఆ మాత్రం తెలీదూ? బ్రష్షు ఒకసారి తగిలి పోతుంది. నీటిచుక్కా అంతే. అదే మేమనుకో, వాలామంటే మా కాళ్ళు ఊరుకుంటాయా? ఒకడుగు వేశాక రెండోది వెయ్యకపోవడం మా వంశంలోనే లేదు!"

ఎవరూ అడక్కుండానే ఇంటిగుట్టంతా చెప్పేసి, ముందుకాళ్ళు రుద్దుకుంటూ వెళ్ళిపోయింది. ఇంత తెలివైనది అన్నాళ్ళు ఎలా బతికిందో మరి.

మర్నాడు పొద్దున్నే బ్రష్షు వచ్చింది. వెంట్రుకకి తగిలింది. మూసుకో, మూసుకో అని మొక్క ప్రాణం కొట్టుకుంది. అయినా బిగబట్టుకుని, "ఒకటి" అనుకుని ఊరుకుంది. బ్రష్షు వెళ్ళిపోయింది. రెండోసారి ఏదీ తగల్లేదు.

"ఎట్టకేలకి మాట వింది!" అని చిదంబరం గారు గంతేశారు. "ఇక ఈగ కూడా వచ్చి వాలిందంటే, బహుమతి ఎక్కడికి పోతుంది!"

ఆ మాట ఈగ విననే విన్నది. ఇంకేముంది, సినిమాలో వేషం దొరికినంత సంబరం. ఎగిరొచ్చి సరిగ్గా నోటి మధ్యలో వాలింది. దాని కాలు ఒక వెంట్రుకకి తగిలింది.

బ్రష్షు లెక్క ఎప్పుడో చెరిపేసుకున్న మొక్క, మళ్ళీ మొదట్నుంచి "ఒకటి" అనుకుంది.

"కదలకమ్మా, అలాగే ఉండు!" అన్నారు చిదంబరం గారు.

అంతే, ఈగ కదలడం మానేసింది! దాని తాతముత్తాతలెవరూ చెయ్యని పని ఫొటో కోసం చేసి చూపించింది. మొక్కకి తిండి నోట్లోనే ఉంది, రెండో అడుగు మాత్రం పడట్లేదు.

చిదంబరం గారు మీట మీద వేలు పెట్టారు. నొక్కేస్తే అయిపోయేది. కానీ ఈగ రెక్క మీద పిండి నలుసు కనబడింది. సర్దకుండా ఫొటో తీస్తే నాన్నగారి ఆత్మ క్షోభించదూ? బ్రష్షు తీసి, సుతారంగా రెక్క తుడిచారు.

ఈగకి చక్కిలిగింత పుట్టింది. కాలు కదిపింది.

"రెండు!" అంది మొక్క.

టప్!

ఈగ లోపలే. బ్రష్షు మొన కూడా లోపలే. పోటీకి వెళ్ళింది, మూసుకున్న నోట్లోంచి వేలాడుతున్న బ్రష్షు ఫొటో. బహుమతి సంగతి అడక్కండి.

మొక్క మాత్రం కడుపు నిండా తిని తేరుకుంది. కొత్త నోళ్ళు తొడిగింది, పిలకలు వేసింది, వాటికి ఒకటీ రెండూ నేర్పింది. ఆ పిలకల్ని సుభాషిణి గారు అడిగినవాళ్ళకల్లా పంచిపెట్టారు.

అప్పటినుంచే నోటి మొక్క ఒక్క తాకుడికి పలకదు. ఎవరో ఫొటోకి సర్దుతున్నార్లే అని ఊరుకుంటుంది. వెంటనే రెండోసారి తగిలిందా, అది భోజనమే.