నీళ్ళుంటేనే వచ్చే చప్పుడు

తాతారావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఏ వాషింగ్ మిషను విప్పినా, లోపల దొరికిన ప్రతి వస్తువునూ, తుప్పు పట్టిన పిన్నీసుతో సహా, పని చీటీ మీద రాసి, యజమానికి అప్పగించి, సంతకం పెట్టించుకునేవారు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు వర్క్‌షాపు పాఠం చెప్పి రిటైరయ్యాక కాకినాడలో ఆ షెడ్డు పెట్టారు. పాత మిషన్లంటే ఆయనకు ప్రాణం. నేను రోజూ పొద్దున్నే పేపరు చదివే వంకతో అక్కడికి చేరేవాణ్ణి. డిగ్రీలో శబ్దం మీద పదిహేను మార్కుల ప్రశ్నకు పద్నాలుగు తెచ్చుకున్నవాణ్ణి నేను. అయినా మా ఇంట్లో ఫ్యాను ఎందుకు మూలుగుతుందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ సంగతి అలా ఉంచండి.

మాస్టారి శిష్యుడు ధనరాజు. నలభై దాటినవాడు. అంతకుముందు ఒక బియ్యం మిల్లులో ఫిట్టరు. అక్కడ మోటారొకటి మాయమైతే ఇతనే తీశాడని పంపేశారు. ఇతను తీయలేదు. ఆరేళ్ళయినా ఆ మిల్లు వీధిలోంచి వెళ్ళడు, చుట్టూ తిరిగి వస్తాడు. ఒకరోజు చేతుల గ్రీజు తుడుచుకుంటూ అడిగాడు.

"మాస్టారూ, నిజం ఎప్పటికైనా బయటపడుతుంది కదండీ? పడితే చాలు కదండీ?"

మాస్టారు స్పానరు అతని చేతికిచ్చారు. "ముందు ఆ బెల్టు బిగించు," అన్నారు.

ఆ వారమే విశాలాక్షమ్మగారి మిషను మళ్ళీ పిలిచింది. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఎప్పుడో ఓడ మీద వచ్చిన విదేశీ మిషను అది. ఏళ్ళ తరబడి వెనక వరండాలో పడి ఉంటే, మాస్టారు పూర్తిగా విప్పి, బేరింగులు మార్చి, ఉప్పునీళ్ళకు తొట్టి నిండా కట్టిన పెచ్చును గోకి, ఆసిడ్‌తో కడిగి, కొత్తదానిలా నిలబెట్టారు. నాలుగు రోజులు బాగానే తిరిగింది. అయిదో రోజున లోపల టిక్కు టిక్కుమని మొదలయింది.

నేనూ వెంట వెళ్ళాను. నాకు వేరే పనేముంది?

ఆవిడ మా పక్కనే నిలబడింది. "ఏమీ అనుకోకండి. పనివాళ్ళ పక్కన నిలబడటం నాకు అలవాటు. ఇరవై రెండేళ్ళ కిందట మరిడమ్మని ఒక పనిమనిషి నా చెవికమ్మ కొట్టేసింది. తెల్లరాయి చుట్టూ ఎర్రరాళ్ళు, మా అమ్మ పెట్టింది. చివరికి దాని నోటితోనే ఒప్పించాననుకోండి," అంది.

మాస్టారు పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను మిషను ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నారు.

"బేరింగేమోనండీ?" అన్నాడు ధనరాజు.

"బేరింగైతే వేగం పెరిగేకొద్దీ గోల పెంచుతుంది. ఇది నీళ్ళు పోస్తే మాట్లాడుతోంది, నీళ్ళు తీసేస్తే ఊరుకుంటోంది. మా బావమరిది కోవ. పోస్తే గాని నోరు విప్పడు. అడుగున ఏదో తేలిగ్గా కదులుతోంది. హీటరు విప్పు."

హీటరు కింద మూల, మాస్టారు గోకగా మిగిలిన పెచ్చు వేడినీళ్ళకు మెత్తబడి ఊడింది. ఇన్నాళ్ళూ అది పట్టి ఉంచిందేదో విడిపోయింది. ధనరాజు వేళ్ళు లోపలికి పెట్టి తీశాడు. తెల్లరాయి, చుట్టూ ఎర్రరాళ్ళు. ఒకటి ఊడిపోయింది.

గదిలోంచి ఆవిడ భర్త కేకేశాడు. "ఏమిటే ఆ చప్పుడు? దొరికిందా?"

"ఏం లేదండీ, బొత్తాం," అంది ఆవిడ.

మాస్టారు చీటీ మీద 'చెవికమ్మ ఒకటి' అని రాసి కలం అందించారు. ఆవిడ కలం పుచ్చుకోలేదు.

"ఇది మాది కాదు."

"మరెవరిదండీ?" అన్నాడు ధనరాజు.

"మీ షెడ్డులో ఇంకెవరి మిషనులోదో ఇందులో పడి ఉంటుంది. తీసుకెళ్ళండి." అని ఆవిడ మిషను తలుపు తనే మూసింది.

ఆ కమ్మ పట్టుకుని ధనరాజు ఊరంతా వెతికాడు. ఎవరి కోసం వెతికాడో నేను చెప్పక్కర్లేదు. రెండో రోజుకు జగన్నాథపురంలో మరిడమ్మ దొరికింది. గడప ముందు రొయ్యలు ఒలుస్తోంది. అరచేతిలో కమ్మ పెట్టి చూపిస్తే చూసింది. ఒలవడం ఆపలేదు.

"నువ్వు తియ్యలేదమ్మా. మిషన్లోనే ఉంది," అన్నాడు ధనరాజు.

"నేను తియ్యలేదని నాకు తెలీదా బాబూ?"

"పద, ఆవిడ ముందే తేలుద్దాం."

"మెల్లిగా మాటాడు," అందామె. "తీసి అమ్ముకున్నానని అప్పుడే ఒప్పేసుకున్నాను. ఒప్పుకుంటే ఆవిడ వదిలేస్తానంది, మా ఆయన ఇంట్లోకి రానిస్తానన్నాడు. ఆయనా పోయాడు. ఆ పేట వదిలి ఇక్కడికొచ్చాం. లోపల నా కోడలుంది. దానికేం తెలీదు. ఇప్పుడు నువ్వొచ్చి మీ అత్త దొంగ కాదంటే, దొంగని ఎవరన్నారని అడుగుద్ది. ఎల్లు బాబూ."

ధనరాజు షెడ్డుకు తిరిగొచ్చి జరిగిందంతా చెప్పాడు. ఒక మాట అతని నోటి దాకా వచ్చి ఆగిందని నాకు అనిపించింది. అది మిల్లు గురించి కాదంటే నేను నమ్మను.

"దీన్నేం చెయ్యమంటారు మాస్టారూ?" అన్నాడు చివరికి, చెయ్యి చాచి.

మాస్టారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. ఆ కమ్మ వంక చూడలేదు.

"బయటపడితే చాలన్నావు. పడింది. ఎవరైనా పుచ్చుకుంటారేమో అడిగి చూడు."