జీపు వచ్చిన రోజు గుడ్డు

పిల్లలూ, ముందు నాకో మాట చెప్పండి. కూర బాగుందో లేదో తెలియాలంటే ఎంత తినాలి? ఒక ముద్ద చాలదూ? అంత చిన్న సంగతి మరిచిపోయిన ఒక పెద్దమనిషి కథ ఇది.

గొర్రెల కాపరులు ఎక్కువగా ఉండే రాళ్లచెలక ఊరి బడికి మధ్యాహ్న భోజనం తనిఖీ చేయడానికి వచ్చే పురుషోత్తం మంచివాడే గానీ, మర్యాదలంటే పడి చచ్చేవాడు.

ఎండలు ముదిరేలోపే ఆ ఊరి కాపరులు మందలు తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోయేవారు. పిల్లలు అవ్వల దగ్గర ఉండేవారు. బడిలో పెట్టే అన్నమే వాళ్లకు అసలు తిండి. మందతో నడవలేని పసి గొర్రెపిల్లలు కూడా ఊళ్లోనే ఉండిపోయేవి. మధ్యాహ్నం గంట కొట్టగానే కాపరుల పిల్లలు దొడ్డికి పరుగెత్తి, వాటికి నీళ్లు పెట్టి, ఆ తర్వాతే భోజనానికి వచ్చేవారు. అందుకే ఎప్పుడూ చివరి వరుస వాళ్లదే.

పురుషోత్తానికి ఈ బడి మీద ప్రత్యేకమైన అభిమానం. వంట చేసే సాయవ్వ కోడిగుడ్డు కూర అంత బాగా వండేది మరి! గుడ్డు పెట్టే రోజు చూసుకుని మరీ వచ్చేవాడు. వెంట జీపు డ్రైవరూ, ఇద్దరు ముగ్గురు ఊరి పెద్దలూ ఉండేవారు. హెడ్‌మాస్టరు గదిలో ముందుగా వాళ్లకే వడ్డించేవారు.

"రుచి చూడటం నా డ్యూటీ కదండీ!" అంటూ పురుషోత్తం ఇంకో గుడ్డు వేయించుకునేవాడు. కిటికీలోంచి మొదటి వరుస కంచాలు చూసి, "భేష్!" అనేవాడు. "నాలాగా ఇన్నిసార్లు వచ్చే ఆఫీసరు ఇంకెవరున్నారు చెప్పండి?"

"ఎవరూ లేరు సార్" అనేవాడు హెడ్‌మాస్టరు, నేలచూపులు చూస్తూ.

ఒకరోజు గది పక్కన కుళాయిలో నీళ్లు రాలేదు. పురుషోత్తం చెయ్యి కడుక్కోవడానికి బడి వెనక ఉన్న కుళాయి దగ్గరికి వెళ్లాడు. అక్కడ చివరి వరుసలో రెండో తరగతి బీరమ్మ కూర్చుని ఉంది. గొర్రెపిల్లలకు నీళ్లు పెట్టి వచ్చిందేమో, గౌను అంచు తడిగా ఉంది. కంచంలో అన్నం, పల్చటి పులుసు.

"ఏం పాపా, గుడ్డు అప్పుడే తినేశావా?" అన్నాడు నవ్వుతూ.

"గుడ్డు లేదు సార్."

"లేకపోవడమేంటి? ఇవాళ గుడ్డు రోజేగా!"

"జీపొచ్చిన రోజు మా వరుసకు గుడ్డు రాదు."

"ఎందుకు రాదు?"

"నువ్వు తింటవ్ కద" అంది బీరమ్మ.

పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచింది. "సారును నువ్వంటవా?"

బీరమ్మ వెంటనే దిద్దుకుంది. "మీరు తింటరు కద సార్."

పురుషోత్తం చెయ్యి కుళాయి కిందే ఉండిపోయింది. నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. సాయవ్వను పిలిచాడు.

"ఈ పిల్ల చెప్పేది నిజమేనా?"

"ఏం జెయ్యాలె సారూ? పిల్లలెంతమందో అన్నే గుడ్లొస్తయ్. మీకూ మీ ఎంబడొచ్చినోళ్లకూ పెట్టకుంటే ఏమన్న బాగుంటదా? ముందు మీకు పెడితే, ఎనకొచ్చేటోళ్లకు సాలవు."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మస్తుగుందని మీరు తింటుంటే ఎట్ల జెప్పాలె సారూ?"

పురుషోత్తం బీరమ్మ వైపు తిరిగాడు. "రాత్రికి ఏం తింటావు తల్లీ?" అని అడిగాడు.

"జొన్నపిండి ఉంటే అవ్వ అంబలి కాస్తది" అంది బీరమ్మ.

అతను కుళాయి గట్టు మీద కూలబడ్డాడు. ఏ ఆఫీసరూ తొంగిచూడని బడుల్లో పిల్లలకు గుడ్డు అందుతోంది. తాను మెచ్చుకుని మెచ్చుకుని వచ్చిన బడిలోనే, తాను వచ్చిన ప్రతిసారీ, ఈ వరుసకు అందలేదు!

ఆ తర్వాతి గుడ్డు రోజున కూడా వచ్చాడు. తన టిఫిన్ డబ్బా తనే తెచ్చుకున్నాడు. వెంట ఎవరినీ రానివ్వలేదు. కాపరుల పిల్లలు దొడ్డి నుంచి వచ్చేదాకా వడ్డన మొదలుపెట్టనివ్వలేదు. ఒక్క చెంచా పులుసు రుచి చూసి, వెళ్లి చివరి వరుస దగ్గర నిలబడ్డాడు. బీరమ్మ కంచంలో గుడ్డు పడింది.

"తిను తల్లీ" అన్నాడు.

బీరమ్మ తినలేదు. గుడ్డును గుప్పిట్లో దాచుకుని, అతని వైపే బెదురుగా చూస్తూ కూర్చుంది. ఎంత బతిమాలినా గుప్పిట విప్పలేదు. జీపు ఊరు దాటాకే తిన్నదట!

చూశారా పిల్లలూ, ఒకరి ఆకలి తీరిందో లేదో చూడటానికి వెళ్లినవాడు వాళ్ల కంచంలోది తినకూడదు. చివర కూర్చున్నవాళ్లకు అందిందని కళ్లారా చూశాకే అందరికీ అందిందని చెప్పాలి.

సరే, చేటలో కందులు సగమే ఏరాను. వెళ్లి మిగతావి కానిచ్చుకుంటాను.