బొల్లిసామి కైలాసం

నల్లరేగడి నేల, నాలుగు వేపచెట్లు, వాటి కింద గడ్డి కప్పిన పశువుల కొట్టం. ఆ కొట్టంలో గురవయ్యకు రెండెడ్లు. కాడికి ఎడమవైపు నడిచే దాపటెద్దు మైలడు, కుడివైపు నడిచే వలపటెద్దు పుల్లడు. ఆరేళ్ళుగా ఒకే కాడి కింద మెడలు పెట్టి, ఒకే కుడితితొట్టిలో మూతులు ముంచిన జత. అలాంటి జతలో ఒకడు, సరిగ్గా దుక్కి రోజుల ముందు, కాళ్ళు మడిచి కూర్చుని "అసలు మనం ఎందుకు బతకాలి?" అని అడిగితే రెండోవాడి గతేమిటి? మైలడికి తల ప్రాణం తోకకి వచ్చింది.

ఒకరోజా రెండ్రోజులా? తొమ్మిది రోజుల నుంచి ఇదే వరస.

"లేవరా పుల్లా."

"ఎందుకన్నా?"

"నీళ్ళు తాగటానికి."

"తాగితే?"

"దాహం తీరుద్ది."

"తీరాక?"

"మళ్ళీ వేసుద్ది."

"చూశావా మరి!" అని పుల్లడు కళ్ళు మూసుకునేవాడు, పెద్ద సత్యమేదో మైలడి నోటితోనే చెప్పించినట్టు. మైలడు వెళ్ళి ఒక్కడే నీళ్ళు తాగి, విసురుగా తోక ఆడించుకుంటూ వచ్చి పడుకునేవాడు.

ఇదంతా ముసలావు గంగ పోయినప్పటి నుంచి మొదలైంది. పుల్లడు దూడగా ఉన్నప్పుడు తల్లి చచ్చిపోతే, ఆ ఆవే పాలిచ్చి, ఒళ్ళంతా నాకి పెంచింది. ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం మేస్తూ మేస్తూ పక్కకి ఒరిగిపోయింది. నలుగురు మనుషులొచ్చి మోసుకుపోయారు. సాయంత్రానికల్లా ఆ గుంజకి ఇంకో దూడను కట్టేశారు. పన్నెండు ఈతలు ఈనిన ఆవు, ఊళ్ళో సగం మంది పిల్లలకి పాలిచ్చిన ఆవు, ఇంతేనా అని పుల్లడు ఆ గుంజ వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు మైలడికీ మేత దిగలేదు. కాకపోతే మైలడు దుఃఖాన్ని ఒకసారి నెమరు వేసి మింగేసే రకం. పుల్లడు నెమరు వేస్తూనే ఉండే రకం.

అలా వదిలేసినా నాలుగు వానలకు తేరుకునేవాడేమో. మధ్యలో బొల్లిగాడు దూరాడు.

బొల్లిగాడు మేకపోతు. గురవయ్య పెళ్ళాం శేషమ్మ పెంచుకుంటున్న జీవం. మెడ మీద తెల్లమచ్చ, కింద జానెడు గడ్డం. పోయిన శివరాత్రికి కొండమీద మఠం వెనక పదిరోజులు మేశాడు. అక్కడ ఎండలో ఆరబెట్టిన పాత పుస్తకాలను ఎండుటాకులనుకుని సగానికి సగం తినేశాడు. అప్పటి నుంచి జ్ఞానమంతా తన కడుపులోనే ఉందని చెప్పుకు తిరుగుతున్నాడు. మైలడి లెక్కలో అది అజీర్తి. కానీ కొట్టంలో కోళ్ళూ దూడలూ అప్పటికే వాణ్ణి బొల్లిసామి అనడం మొదలెట్టాయి.

"నాయనా పుల్లా," అన్నాడు బొల్లిసామి మొదటిరోజే, మెత్తగా పక్కన చేరి. "గంగమ్మ యాడికి పోయిందనుకుంటన్నావు? కైలాసానికి. ఆడ కాడి లేదు, ములుగర్ర లేదు, జోరీగ లేదు. మోకాళ్ళెత్తు పచ్చగడ్డి. శివయ్య గుమ్మం ముందు నంది పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. అది నీదే."

"దానికి నేనేం చెయ్యాలి సామీ?"

"ఏం చెయ్యగూడదు. అదే కష్టం. లేవగూడదు, దున్నగూడదు. ముఖ్యంగా రుచులు వదిలెయ్యాలి."

"రుచులంటే?"

"అంటే... ఉలవలు," అన్నాడు బొల్లిసామి, ఉలవలున్న గాడి వంక చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతూ.

దుక్కి దగ్గర పడిందని గురవయ్య రోజూ ఉలవలు ఉడకబెట్టించి ఎడ్లకు పెట్టిస్తున్నాడు. పుల్లడి వాటా పుల్లడి ముందే బొల్లిసామి నమిలేవాడు. పైగా, "నీ బంధాన్ని నేను మింగుతన్నా నాయనా. నా కడుపు ఏమైపోయినా పర్లేదు," అనేవాడు. ఆ త్యాగానికి పుల్లడి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పక్కన మైలడికి ఒళ్ళు మండేది.

"ఒరే, వాడు నీ తిండి తింటన్నాడ్రా!"

"నా కర్మ తింటన్నాడన్నా."

"అది నీ కర్మ గాదు, నా కర్మ! పక్కటెముకలు బయటికొచ్చినయ్, చూసుకున్నావా?"

"ఒంటితో పనేముందన్నా?"

"నీకు లేకపోతే పాయె. నాకుంది! రేపు నువ్వు లేకుండా కాడి ఎట్టా మోసేది? ఒక పక్క నా మెడ, ఇంకో పక్క గాలీనా?"

పుల్లడు జాలిగా చూసేవాడు. ఆ చూపుకే మైలడికి మరీ చిర్రెత్తుకొచ్చేది. కోపంగా అరిస్తే అరిచాడని ఊరుకోవచ్చు. జాలిపడే వాణ్ణి ఏం చేస్తాం?

గురవయ్య కూడా చేతనైనంత చేశాడు. కొమ్ములు పట్టి లేపాడు, తోక మెలేశాడు, వెదురు గొట్టంతో గొంతులో కషాయం పోశాడు. పుల్లడు కషాయాన్ని కూడా వైరాగ్యంతోనే మింగాడు. తొమ్మిదో రోజు సాయంత్రం గురవయ్య తలగుడ్డ విప్పి నేలకేసి కొట్టాడు.

"ఎల్లుండి ఏరువాక. ఊళ్ళో అందరి నాగళ్ళూ కదుల్తయ్యి, నాది తప్ప! అప్పటికి ఇది లేవలేదో, శనివారం సంతకి తోలేస్తా. రెండింటినీ!"

"మైలడేం చేశాడయ్యా పాపం?" అంది శేషమ్మ.

"జత విడిపోయిన ముసలి ఎద్దుతో నేనేం జేసుకునేది? అది ఎడమపక్క తప్ప ఇంకో పక్క నడవదు. కొత్తదాంతో కలవదు."

మైలడికి సంతలో ఏం జరుగుతుందో తెలుసు. పళ్ళరిగిన ఎద్దును దున్నుకోవడానికి ఎవరూ కొనరు. అలాంటివాటి కోసం సంత చివర లారీలు ఆగి ఉంటాయి. ఆ లారీ ఎక్కిన ఎద్దు ఏదీ తిరిగొచ్చి అక్కడి సంగతులు చెప్పలేదు. లారీ తనకొక్కడికే వస్తే సరేలే, బతికినన్నాళ్ళు బతికాం అనుకునేవాడు. ఆరేళ్ళు తన పక్కన నడిచిన ఈ వెర్రిబాగులోడు కూడా ఎక్కుతాడే అని వాడి బాధ.

మర్నాడు పొద్దున్నే మైలడు బొల్లిసామి ముందు తల వంచాడు.

"సామీ, నాకూ జ్ఞానం వచ్చింది. నేనూ కూచుంటా."

బొల్లిసామి గడ్డం ఒక్కసారి అదిరింది. "నువ్వూనా? ఉలవలు కూడా వదిలేస్తావా?"

"నీ పాదాల కాడ పెట్టేస్తా."

రెండెడ్ల ఉలవలు! ఇంకొక్క నిమిషం ఆలోచించినా ఆ మేకపోతుకి అనుమానం వచ్చేదే. కానీ కడుపు ఒప్పుకున్నాక మెదడుని ఎవరడుగుతారు? "కూచో నాయనా, కూచో. నంది పక్కన ఇంకో చోటు కూడా ఉందిలే," అన్నాడు గబగబా.

మైలడు కూర్చున్నాడు. నిజానికి వాడికి వచ్చింది జ్ఞానం కాదు, పదేళ్ళ కిందటి జ్ఞాపకం. ఆ ఇంట్లో ఒక ఎద్దు పడుకుంటే బద్ధకం అంటారు, గొట్టంతో కషాయం పోస్తారు. రెండెడ్లూ ఒకేసారి పడుకుంటే మాత్రం అది పోలేరమ్మ కోపం. అప్పుడు శేషమ్మ ఏం మొక్కుతుందో మైలడు తన కళ్ళతో చూశాడు. బొల్లిగాడి ప్రాణం తియ్యాలని వాడికేం లేదు. వాడి నోరు మూతపడితే చాలు.

కుడితి పొయ్యడానికి వచ్చిన శేషమ్మ రెండెడ్లనూ చూసి బిందె కింద పడేసింది.

"అయ్యో అయ్యో, రెండూ పడిపోయినయ్యా! తల్లే, పోలేరమ్మ తల్లే! ఏం తప్పు జరిగిందో ఏమో!" లెంపలేసుకుని, లోపలికి పరిగెత్తి, పసుపు గిన్నెతో తిరిగొచ్చింది. నోటి నిండా ఉలవలతో నిలబడ్డ బొల్లిగాడి మెడకు తాడు వేసి గుంజకి బిగించింది. నుదుట పసుపు రాసింది. మెడలో వేపమండ కట్టింది. "తల్లీ, నా ఎడ్లు లేచి నాలుగు కాళ్ళ మీద నిలబడితే ఈ బొల్లిపోతును నీకిచ్చుకుంటా! ఆలస్యం చెయ్యను తల్లీ, ఆ రోజే ఇచ్చుకుంటా!"

ఆ మాట అని, డప్పులోళ్ళకు కబురు చెప్పడానికి వీధిలోకి పోయింది.

బొల్లిసామి నోట్లో ఉలవలు నమలకుండానే కింద రాలాయి.

"నాయనలారా, మీరు మాత్రం లేవమాకండి."

"అదేంది సామీ!" అన్నాడు మైలడు ఆశ్చర్యంగా. "నీకొచ్చిన అదృష్టం చూసి నాకు ఆనందం పట్టలేకుండా ఉంది. మేం ఏళ్ళ తరబడి కూచుంటే గానీ దొరకని చోటు. నీకు రేపో మాపో! అమ్మే దగ్గరుండి పిలుస్తంది."

"నాకింకా టైము రాలేదు."

"గురువు ముందు పోవాల గదా. నువ్వు పోయి మా చోట్లు చూసి పెట్టు. ఇదిగో, నీ కోసం లేస్తన్నా," అని మైలడు వెనకకాళ్ళ మీద లేచాడు.

"కూచో! కూచో అంటన్నా!" మేకపోతు కేక కొట్టమంతా మోగింది. కోళ్ళు అటక మీదికి ఎగిరాయి.

పుల్లడు తొమ్మిది రోజుల్లో మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచాడు. "సామీ, ఎందుకు వణుకుతన్నావు? ఆడ కాడి లేదన్నావు, జోరీగ లేదన్నావు. మోకాళ్ళెత్తు పచ్చగడ్డి అన్నావు."

"ఆడ ఏముందో ఎవడు చూశాడ్రా!"

ఆ మాట నోరు జారాక బొల్లిగాడే మళ్ళీ అందుకున్నాడు, ఈసారి సామి గొంతుతో కాదు, మామూలు మేక గొంతుతో. "నాకు తెలవదురా పుల్లా. ఉలవల కోసం చెప్పా. నాకు బతకాలనుందిరా. పొద్దున్నే తుమ్మచిగుళ్ళు తినాలనుంది. ఈ గుంజ పీకరా నాయనా, నీకు పుణ్యముంటది!"

"పని చెయ్యగూడదుగా మరి? అది బంధంగా?" అన్నాడు మైలడు కసిగా. తొమ్మిది రోజుల మంట ఊరికే పోతుందా?

కానీ పుల్లడు అప్పటికే లేస్తున్నాడు. ఒకసారి కూలబడ్డాడు, మళ్ళీ లేచాడు. గుంజ దాకా తడబడుతూ వెళ్ళి, కొమ్ము దాని కింద పెట్టి ఒక్క ఊపు ఊపాడు. గుంజ మట్టితో సహా ఊడొచ్చింది. బొల్లిగాడు తాడూ గుంజా ఈడ్చుకుంటూ, మెడలో వేపమండతో, కంచె దూకి కొండ వైపు పరుగెత్తాడు. థాంక్స్ కూడా చెప్పలేదు.

పుల్లడు రొప్పుతూ నిలబడ్డాడు. "వాడు నన్ను మోసం చేశాడన్నా."

"చేశాడు."

"అయినా పీకా."

"చూశాలే," అన్నాడు మైలడు, తనూ లేచి నిలబడుతూ.

"వాడికి నేను కావాల్సొచ్చింది. కాళ్ళు వాటంతటవే లేచినయ్యి." గంగను కట్టిన గుంజ వంక చూసి, "అన్నా, మరి గంగ యాడుందంటావు?" అన్నాడు.

మైలడికి మళ్ళీ చిరాకు పుట్టుకొచ్చింది. అంతలోనే అది ఎక్కడికో పోయింది. "నాకు తెలవదురా. పైన ఏదన్నా ఉంటే బాగానే ఉంటది, పోయినాక చూద్దాం. లేకపోతే లేదు. కానీ నువ్వు కూచున్న ఈ తొమ్మిది రోజులూ, పొద్దున్నే లేచి నీ వంక చూసి, ఇంక నేనెందుకు లేవాల అనుకున్నా. నీకు తెలుసా ఆ సంగతి? ఆరేళ్ళు నువ్వు పక్కనున్నావని నడిచా. నాకు నడవటం ఇష్టమై కాదు."

పుల్లడు వెళ్ళి మైలడికి కుడిపక్కన, తన చోట్లో నిలబడ్డాడు.

శేషమ్మ అప్పుడే అమ్మలక్కలతో, డప్పుతో వచ్చింది. ఎడ్లు రెండూ నిలబడి ఉన్నాయి. మేకపోతు లేదు, గుంజ కూడా లేదు. డప్పు ఆగిపోయింది. శేషమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"చూశారా! మనం ఇచ్చేదాకా ఆగలేదు తల్లి. తానే వచ్చి తీసుకెళ్ళింది!"

ఊరంతా నమ్మింది. మర్నాడు ఏరువాకకు గురవయ్య నాగలి అందరి నాగళ్ళతో పాటే కదిలింది. పుల్లడు రెండు చాళ్ళకే ఆయాసపడ్డాడు. "అన్నా, దున్నిందే మళ్ళీ దున్నటం..." అని మొదలెట్టబోయాడు. "నోర్మూసుకుని నడువు," అన్నాడు మైలడు, వాడి కోసం అడుగు కాస్త నెమ్మది చేస్తూ.

ఇక బొల్లిగాడు కొండమీద ఉన్నాడు. ఆకలేసినప్పుడల్లా ఊళ్ళోకి దిగాలని చూస్తాడు. కనబడితే చాలు, "పోలేరమ్మ మేక! తల్లి పంపింది!" అని జనం డప్పులు కొడుతూ ఎదురొస్తారు. ఆ డప్పు వినగానే వాడికి కత్తి గుర్తొచ్చి మళ్ళీ కొండెక్కుతాడు. అక్కడ కాడి లేదు, ములుగర్ర లేదు. మోకాళ్ళెత్తు గడ్డీ లేదు. పక్కన నిలబడి ఎలా ఉన్నావురా అని అడిగే ప్రాణి ఒక్కటీ లేదు.

నీతి: చచ్చాక దొరికే చోటు గురించి ఎవరైనా చెప్పనీ, బతికుండగా ఎవరి పక్కన నిలబడాలో మాత్రం మనమే తెలుసుకోవాలి.