తల్లికి స్వాగత గీతం

కాకినాడలో సౌదామిని అనే బ్యాంకు ఉద్యోగిని ఉండేది. మనసు వెన్నే గానీ, తను చేసిన మంచిని తన కళ్ళతో చూసుకుని మురిసిపోతే తప్ప ఆవిడకు తృప్తి ఉండేది కాదు.

ఏటా సెలవు పెట్టి నేపాల్‌లోని ఒక అనాథాశ్రమానికి వెళ్ళేది. వచ్చీరాని నేపాలీలో కబుర్లాడుతూ రెండు వారాలు పిల్లలతో గడిపి వచ్చేది. జీపు దిగగానే పిల్లలు బంతిపూల దండ వేసి, స్వాగత గీతం పాడి, ఒళ్ళోకి ఎగబాకేవారు. సుంతలి అనే ఎనిమిదేళ్ళ పిల్లయితే మెడ పట్టుకుని వదిలేది కాదు. ఆ పిల్లకు "అమ్మా" అని పిలవడం సౌదామినే నేర్పింది. తిరిగొచ్చాక ఆఫీసులో అందరికీ ఫోటోలు చూపించి, "నన్ను విడిచి ఉండలేదండీ" అని చెప్పుకునేది. పాపం, మనస్ఫూర్తిగానే నమ్మింది.

ఆ ఏడు వెళ్ళేసరికి ఆశ్రమంలో సబిత అనే ప్రభుత్వ అధికారిణి ఉంది.

"ఇకమీదట బయటివాళ్ళు వచ్చి పిల్లలతో ఉండకూడదండీ" అంది ఆవిడ హిందీలో. "వీళ్ళలో చాలామందికి అమ్మానాన్నలున్నారు. మీలాంటి అతిథులకు చూపించి చందాలు రాబట్టడానికే, చదువు చెప్పిస్తామని ఆశపెట్టి కొండల మీది ఊళ్ళ నుంచి తెచ్చారు. అందరినీ ఇళ్ళకు చేరుస్తున్నాం. సుంతలి తల్లి ఇవాళే వస్తోంది."

సౌదామినికి ఒళ్ళు మండింది. "ప్రేమగా చూడ్డానికి కూడా మీ అనుమతి కావాలా?" అంది.

ఆశ్రమం నడిపే ఆయన మెల్లగా పక్కకు పిలిచాడు. "సుంతలికి మీరంటే ప్రాణమని, పంపితే బెంగ పెట్టుకుంటుందని సబిత గారికి గట్టిగా చెప్పండి మేడం. పిల్ల ఇక్కడే ఉండిపోతుంది" అన్నాడు. సౌదామిని మనసు అటే మొగ్గింది. ఆ కొండ మీది గుడిసెలో దానికేం దొరుకుతుంది? ఇక్కడైతే ఏటా తను వస్తుంది కదా!

మధ్యాహ్నం తల్లి వచ్చింది. కాళ్ళనిండా దుమ్ము, చేతిలో ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తుల మూట. నాలుగేళ్ళ తర్వాత కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మీ అమ్మొచ్చింది" అంది సబిత. సుంతలి లోపలికి పరిగెత్తి బంతిపూల దండ తెచ్చి తల్లి మెడలో వేసింది. చేతులు కట్టుకుని స్వాగత గీతం మొత్తం పాడింది. తల్లిని కావలించుకుని, నవ్వుతూ అడిగింది.

"మీరెప్పుడు వెళ్ళిపోతారు?"

సౌదామిని గుండె కలుక్కుమంది. ఏటా తననూ అదే అడిగేది. ముద్దుగా అడుగుతోందనుకుని తను నవ్వేసేది. దగ్గరికి తీసినవాళ్ళు వెళ్ళిపోతారని ఆ పసిదానికి నేర్పినవాళ్ళలో తనూ ఒకతె. ఇప్పుడు కన్నతల్లిని కూడా అది ఆ వరసలోనే చేర్చింది.

సౌదామిని ఆ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఆవిడ అతిథి కాదు తల్లీ. నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. వెళ్ళిపోయేదాన్ని నేను" అంది.

"మళ్ళీ వస్తావా అమ్మా?"

వస్తాననే మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. "రాను. నేను ఆంటీని. మీ అమ్మ ఆవిడే" అని, తల్లి మెడలోంచి దండ తీసి పక్కన పెట్టింది. ఆశ్రమం ఆయన మొహం మాడ్చుకున్నాడు. తల్లి మొక్కజొన్న పొత్తు ఒకటి తీసి కూతురికిచ్చింది. అది కొరుక్కుంటూ, తల్లి వేలు పట్టుకుని సుంతలి కొండదారి పట్టింది.

ఆ రోజు సౌదామిని కరువుతీరా ఏడ్చింది. ఆ తర్వాత ఆఫీసులో ఎవరైనా అలాంటి ప్రయాణం కడితే, ఎదురు కూర్చుని ఈ కథంతా చెప్పి ఆపేది.

మన తృప్తి కోసం పంచే ప్రేమ పసిమనసుకు గాయమే మిగులుస్తుంది. బిడ్డను తనవాళ్ళ దగ్గరికి చేర్చడమే నిజమైన సేవ.