పన్నెండు ఖాళీ గడులు

పైడిరాజు మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. శిష్యులెవరైనా గట్టి ప్రశ్న వేస్తే లేచి చెప్పులు వేసుకుని, వాళ్లని జవాబున్న చోటికి వెంటబెట్టుకెళ్లేవారు. ఆ చెప్పుల చప్పుడు వినగానే ఇక తమ పని ఆ పూటకి సాగదని మిగతావాళ్లకు అర్థమయ్యేది.

ఆ రోజు ప్రశ్న వేసినవాడు తారకేశ్. వేసిన తీరులో అడగడం కన్నా నిలదీయడమే ఎక్కువగా ఉంది.

"కనెక్షన్ కుదిరింది. డేటా వస్తోంది. జిల్లా ఆఫీసంతా మెచ్చుకుంది. మీరొక్కరే మొహం మాడ్చుకుని కూర్చున్నారు. అసలు ఖాళీగా వదిలేయడం కన్నా పాత అంకె చూపించడం నయం కాదా మాస్టారూ? ఎక్కడైనా అలాగే చేస్తారు."

సంగతి ఇది. కొండల మీది ఆరోగ్య కేంద్రాల్లో ఏ మందు ఎంత ఉందో అక్కడి ఫార్మసిస్టులు రోజూ పొద్దున్నే ఫోన్లో నమోదు చేస్తారు. ఆ అంకెలు ఎక్కడో క్లౌడ్‌లో ఉన్న డేటాబేస్‌కి చేరతాయి. వాటిని తెచ్చి జిల్లా ఆఫీసు గోడ మీది డాష్‌బోర్డులో రంగురంగుల గడులుగా చూపించే పని మాస్టారి బృందానిది. రెండింటినీ కలిపింది తారకేశే, బాగానే కలిపాడు. అయితే కొండల్లో సిగ్నల్ పోయిన చోట అంకె రాదు, గడి ఖాళీగా ఉండిపోతుంది. తనిఖీకి వచ్చిన పై అధికారి కంట అలాంటి గడులు పన్నెండు పడ్డాయి. "ఏమిటయ్యా ఈ చిల్లులు?" అని ఆయన విసుక్కున్నాడు. తారకేశ్ ఆ సాయంత్రమే కూర్చుని రెండు లైన్లు రాశాడు. ఇవాళ్టి అంకె రాకపోతే ఆఖరుసారి వచ్చిన అంకెనే చూపించమని వాటి అర్థం. మర్నాటికి బోర్డంతా పచ్చబడింది. పన్నెండు అబద్ధాలకి గాను అతనికి ఒక శాలువా కూడా కప్పారు.

మాస్టారు ప్రశ్న విని, బోర్డులో ఒక గడి మీద వేలు పెట్టారు. చింతలగూడ, పాముకాటు మందు, పది సీసాలు.

"తొమ్మిది రోజులుగా పదే" అన్నారు.

"అంటే తొమ్మిది రోజులుగా అక్కడ ఎవరినీ పాము కరవలేదన్నమాట" అన్నాడు తారకేశ్.

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "రేపు పొద్దున్న ఆరింటి బస్సుకి వచ్చెయ్" అని వెళ్లిపోయారు.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఇద్దరూ చింతలగూడలో దిగారు. దారి పొడవునా తారకేశ్ మూతి ముడుచుకునే ఉన్నాడు. ఒక్క గడి కోసం ఇంత కొండెక్కాలా అని అతని బాధ. ఆరోగ్య కేంద్రం వరండాలో ఒక నల్లబల్ల ఉంది. దాని మీద మందుల పేర్లు పెయింటుతోనూ, వాటి ఎదుట నిల్వలు సుద్దతోనూ రాసి ఉన్నాయి. సన్యాసమ్మ అనే ఫార్మసిస్టు, యాభై దాటిన మనిషి, ఆ అంకెలన్నిటినీ తడిగుడ్డతో తుడిచేస్తోంది. మందుల బీరువా ఆవిడ ఇంకా తెరవనే లేదు.

తారకేశ్‌కి అది తెలివితక్కువ పనిగా తోచింది. "లెక్కపెట్టాక మారినవి మాత్రం మార్చుకుంటే సరిపోతుంది కదండీ. అన్నీ ఎందుకు తుడుస్తున్నారు?"

"లెక్కపెట్టేలోగా ఎవరైనా వస్తే? నిన్నటి అంకె ఉంచీస్తే జనం దాన్నే నమ్మీస్తారు బాబూ. ఖాళీగా ఉంటే నన్నడుగుతారు" అందావిడ, చెయ్యి ఆపకుండానే.

తారకేశ్ మాస్టారి వైపు చూశాడు. ఆయన ఇటు చూడలేదు. "పాముకాటు మందు ఎంతుందమ్మా?" అని ఆవిడనే అడిగారు.

సన్యాసమ్మ గుడ్డని బకెట్లో విసిరికొట్టింది. "ఒక్క సీసా లేదండీ. తొమ్మిది రోజుల కిందట ఒక్క మనిషికే పదీ ఎక్కించీసినాం. ఆ మధ్యాహ్నమే టవరు పోయింది. మందు పంపమని జిల్లా ఆఫీసుకి ఇండెంటు కాగితం రాసి, బస్సు డ్రైవరు చేతికిచ్చి రెండుసార్లు పంపాను. రెండుసార్లూ తిరగ్గొట్టినారు. 'మీ వద్ద పది ఉన్నట్టు డాష్‌బోర్డు చూపుతున్నది' అని రాసి మరీ పంపినారు. ముప్పయ్యేళ్ల సర్వీసు నాది. నేను సంతకం పెట్టి లేదంటే నమ్మరు, గోడ మీది టీవీ ఉందని చెబితే నమ్ముతారా?"

తారకేశ్ ఏదో సర్దిచెప్పబోయాడు. అంతలో ఒక ఆటో గేటు దాటి వచ్చి ఆగింది. అందులోంచి లచ్చన్న అనే కూలీ దిగాడు. వెనక సీట్లో అతని భార్య అప్పలనర్సమ్మ ఉంది. జీడితోటలో ఆకులు ఊడుస్తుంటే పాము కరిచిందట. పాదం చీలమండ దాటి ఉబ్బిపోయింది, కంటి రెప్పలు వాలిపోతున్నాయి.

మందు లేదు, పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి అని సన్యాసమ్మ చెబితే లచ్చన్న నమ్మలేదు.

"లేకపోడమేటమ్మా? కూడలికాడ ఎటెల్లాలో తెలీక అంబులెన్సోళ్లకి ఫోన్ సేసినాను. పెద్దాస్పత్రి గంట దూరం, చింతలగూడ దగ్గర, అక్కడ పది సీసాలున్నాయి, అటెల్లిపో అన్నారు. ఊరికే అన్లేదమ్మా, బోర్డు సూసి సెప్పినారు!"

అంబులెన్సు వాళ్లకీ తారకేశ్ పచ్చబరిచిన డాష్‌బోర్డే కనిపిస్తుంది. వాళ్లు చూసే చెప్పారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. గడి ఖాళీగా ఉండి ఉంటే, ఫోనెత్తినవాడు అంకె లేదని చెప్పేవాడు, ఆటో కూడలి నుంచే పెద్దాసుపత్రి దారి పట్టేది. ఇప్పుడు కొండెక్కడానికి అరగంట పోయింది, దిగడానికి ఇంకో అరగంట. ఆ గంట అప్పలనర్సమ్మది. దాన్ని ఆవిడ దగ్గర్నుంచి లాక్కున్నవాడు చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో నిలబడి ఉన్నాడు.

లోపలి నుంచి డాక్టరుగారు పరుగున వచ్చారు. కాలు కదలకుండా బద్ద కట్టి, ఆవిడని ఆరోగ్య కేంద్రం జీపులోకి మార్పించి, తోడుగా తనూ ఎక్కారు. లచ్చన్న ఒక కాలు జీపులో పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఆ బోర్డులో పది అని ఎవుడెట్టినాడో, ఆడి మొకం నాకోసారి సూపించండి!"

నేనే అందామని తారకేశ్ ఒక అడుగు ముందుకు వేశాడు. జీపు వెళ్లిపోయింది. సన్యాసమ్మ సుద్దముక్క తీసుకుని, పాముకాటు మందు ఎదుట 'లేదు' అని రాసి, లోపలికి బీరువా తెరవడానికి వెళ్లింది.

తారకేశ్ జేబులోంచి ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. ఆ రెండు లైన్లు ఇప్పటికిప్పుడు తీసేద్దామన్నా ఇక్కడి నుంచి కుదరదు. జీపు ఎంతదాకా వెళ్లిందో కనుక్కుందామన్నా కుదరదు. ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఆవిడ బతుకుతుందా మాస్టారూ?" అన్నాడు.

"తెలియదు" అన్నారు పైడిరాజు మాస్టారు. ఆయన మొహం కందిపోయి ఉంది. జీపు పోయిన దారి వైపు కాసేపు చూసి, శిష్యుడి వైపు తిరిగారు. "చూశావా, తెలియదని చెప్పినందుకు నా పరువేమీ పోలేదు."